దాచిన బిందె, దాటిన సముద్రం

మొయినాబాద్ దాటి చిలుకూరు వైపు మళ్లితే, గుడి చుట్టూ తిరుగుతున్న పిల్లలు ఏ వారమైనా కనిపిస్తారు. 11 ప్రదక్షిణలు చేసి వీసా కోరుకుంటారు. వచ్చాక 108 చేసి మొక్కు చెల్లిస్తారు. సముద్రం దాటడం ఇప్పుడు ఈ ప్రాంతంలో ఇంటింటి కల. ఒకప్పుడు ఇదే మాట ఇంట్లో ఎవరైనా అంటే పొయ్యి ఆరిపోయినట్టే. భారత శిక్షాస్మృతి శిక్షల వరుసలో ఉరి మొదటిది, సముద్రం దాటించే ద్వీపాంతరవాసం రెండోది. జనం నోట అది కాలాపానీ.

కాలాపానీ అనగానే మనకు వీరులు గుర్తొస్తారు. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఇద్దరికీ పడింది ఆ శిక్షే. తుర్రేబాజ్ ఖాన్ ఓడ ఎక్కకముందే, 1859 జనవరిలో కాపలా తప్పించుకున్నాడు. తూప్రాన్ దగ్గర దొరికిపోయి ప్రాణం వదిలాడు. మౌల్వీ అండమాన్‌లోనే కన్నుమూశాడు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరకు ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరంగా మారింది. 1937లో విడుదలై వచ్చిన ఆ మనిషిని 1952లో జనం మొదటి లోక్‌సభకు పంపారు. వీళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా.

అదే ఓడల్లో, అదే గొలుసులతో వెళ్లినవాళ్లలో చాలామంది తిరుగుబాటుదారులు కారు. హత్య చేసినవాళ్లు, బందిపోట్లు, దొంగలు, దొంగల దగ్గర సొమ్ము తీసుకుని దాచినవాళ్లు. ఈ చివరి రకం గురించే ఈ కథనం. ఎవరింట్లోంచో పోయిన ఇత్తడి బిందె, రాగి గంగాళం, రెండు చీరలు, వెండి కడియాలు తన గాదె కింద దొరికినందుకు దేశం దాటిన మనిషి ఎవరికో ముత్తాత అయివుంటాడు. అతన్ని వంశవృక్షంలోంచి చెరిపేసినవాళ్లే ఎక్కువ. వీరుణ్ణి వెతికినంత శ్రద్ధగా ఇతన్నీ వెతకాలని నా అభిప్రాయం. పోర్ట్ బ్లెయిర్ అడవి నరికింది, సింగపూర్ రోడ్లు వేసింది ఎక్కువగా ఇలాంటి చేతులే.

బిందెకు ఇంత శిక్షా?

1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి దొంగసొత్తు సంగతి 410 నుంచి 414 దాకా ఐదు సెక్షన్లలో తేల్చింది. దొంగసొమ్మని తెలిసో, అలా అనుకోవడానికి కారణం ఉండో తీసుకుంటే, లేదా అట్టిపెట్టుకుంటే 411 ప్రకారం మూడేళ్ల దాకా జైలు. అక్కడితో ఆగితే సముద్రం దాటే మాటే రాదు. మెలిక తర్వాతి సెక్షన్లలో ఉంది. ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి ఇల్లు దోచుకుంటే అది బందిపోటు దొంగతనం. ఆ సొత్తని తెలిసి తీసుకున్నవాడికి 412 కింద యావజ్జీవ ద్వీపాంతరం దాకా వేయొచ్చు. గడప దాటి దోపిడీకి వెళ్లకపోయినా, వెళ్లినవాళ్లతో సమానంగా శిక్ష పడే వీలుందన్నమాట. దొంగసొత్తు కొనడమే అలవాటుగా పెట్టుకున్నవాడికి 413 కింద అదే శిక్ష.

వీటికన్నా ఎక్కువమందిని చుట్టుకోగలిగింది సెక్షన్ 75. సొత్తుకు సంబంధించిన నేరంలో ఒకసారి శిక్ష పడి, మళ్లీ అలాంటి నేరంలోనే దొరికితే, రెండోసారి నేరం చిన్నదైనా యావజ్జీవ ద్వీపాంతరం విధించే అధికారం కోర్టుకు ఇచ్చిందది. కరువు ఏడాదిలో ఒకసారి, అప్పుల ఏడాదిలో ఇంకోసారి సగం ధరకు గిన్నెలు కొన్నవాడు ఈ సెక్షన్‌లో ఇరుక్కుంటే బతుకు మొత్తం పోయినట్టే.

దీనికి 1872 సాక్ష్య చట్టం తోడైంది. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఎవరి దగ్గర దొరికితే, అది ఎలా వచ్చిందో వాళ్లు చెప్పుకోలేకపోతే, వాళ్లు దొంగైనా అయివుండాలి, దొంగసొత్తు తీసుకున్నవాళ్లైనా అయివుండాలని కోర్టు అనుకోవచ్చని 114వ సెక్షన్ కింద మొదటి ఉదాహరణే చెబుతుంది. రసీదులు లేని కాలం. సంతలో కొన్నానంటే అమ్మినవాణ్ణి చూపించాలి. అల్లుడు తెచ్చి పెట్టాడంటే కూతురి కాపురం కూలుతుంది. మౌనంగా ఉంటే నేరం ఒప్పుకున్నట్టే. ఈ మూడింటి మధ్య నలిగినవాళ్లలో ఆడవాళ్లూ ఉండివుంటారు, ఎందుకంటే దాచిన చోటు ఎప్పుడూ వంటిల్లే.

ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన చట్టం వేరే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ దాకా విస్తరించిన 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ప్రకారం, అందులో చేర్చిన నేరాల్లో మూడోసారి శిక్ష పడితే ద్వీపాంతరమే. మనిషికి పడాల్సిన శిక్షను కులం బరువుతో తూచిన చట్టం అది. 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని గాయం ఆ కుటుంబాల్లో ఇంకా మానలేదు. వాళ్ల పూర్వీకుల ఫైలు తెరిచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే, పోలీసు రాసిందే నిజమనుకుని పొరబడతాం.

నిజాం నేల, తెల్లవాళ్ల కోర్టు

చేవెళ్ల, మొయినాబాద్ నిజాం రాజ్యంలోవి కదా, ఇక్కడివాళ్లు బ్రిటిష్ వాళ్ల అండమాన్‌కు ఎలా వెళ్తారని అడగొచ్చు. సరైన ప్రశ్న. నిజాం కోర్టులు శిక్షించిన మామూలు దొంగలు సాధారణంగా రాజ్యంలోని జైళ్లలోనే మగ్గేవాళ్లు. కానీ నిజాం నేల మీదే నిజాం అధికారం చెల్లని చోట్లు ఉండేవి. సికింద్రాబాద్ కంటోన్మెంట్, రెసిడెన్సీ బజార్లు, రైలు పట్టాలు నడిచిన జాగా. అక్కడ బ్రిటిష్ చట్టం, రెసిడెంటు చేతికింది కోర్టు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. అది వికారాబాద్, శంకర్‌పల్లి మీదుగా వస్తుంది. అంటే చేవెళ్ల ప్రాంతానికి బ్రిటిష్ చట్టం ఎడ్లబండి మీద చేరుకునేంత దగ్గరికి వచ్చింది. ఊళ్లో దొరికితే ఒక శిక్ష, రైలు పట్టాల పక్కన దొరికితే ఇంకో శిక్ష. సికింద్రాబాద్ లష్కర్‌లో దొర బంగళాలో పోయిన వెండి గిన్నెలు కంటోన్మెంట్ బజారులో కొంటూ పట్టుబడ్డ రైతు, అదే పని ఇంటి అరుగు మీద చేసివుంటే వేరే కోర్టు మెట్లెక్కేవాడు.

అంతకుముందు నుంచే ఠగ్గుల, బందిపోట్ల అణచివేత శాఖ హైదరాబాద్ రాజ్యంలోనూ పనిచేసింది. 1836 నాటి చట్టం ఠగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు యావజ్జీవ శిక్ష వేయొచ్చంది. 1843 నాటి చట్టం బందిపోటు ముఠాలకూ దాన్నే వర్తింపజేసింది. ముఠాలో ఒకడు ప్రభుత్వ సాక్షిగా మారి పేరు చెబితే, సొత్తు కొన్నవాడూ ముఠా మనిషి అనిపించుకోవడం కష్టం కాదు. అందుకే 1862కు ముందటి మనిషి కోసం వెతికేవాళ్లు కోర్టు కాయితాలతో పాటు ఈ శాఖ ఉత్తర ప్రత్యుత్తరాలూ చూడాలి.

ఊరు ఎవరి కింద ఉండేదన్నది ఇంకో చిక్కు. పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దాలో నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాలు, పాయగా అమీర్ల ఎస్టేట్లు, జాగీర్లు కలగలిసి ఉండేవి. పెద్ద పాయగాలకు సొంత పోలీసులు, సొంత కచేరీలు. పక్కపక్క ఊళ్ల కేసులు వేర్వేరు దఫ్తర్లలో పడివుంటాయి. మొదట తేల్చుకోవాల్సింది ముత్తాత పేరు కాదు, ఆయన కాలంలో ఆ ఊరు ఎవరి ఇలాఖా అన్నది.

ఎక్కడికి పంపారు?

అండమాన్ కన్నా ముందు సుమత్రా తీరంలోని బెంకూలెన్ ఉంది, పెనాంగ్ ఉంది, మలక్కా, సింగపూర్, బర్మాలోని మౌల్మీన్, మారిషస్ ఉన్నాయి. 1825 ఏప్రిల్ 18న బెంకూలెన్ నుంచి సింగపూర్‌లో దిగిన మొదటి ఖైదీల జట్టు 80 మందీ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లే. వారానికి బెంగాల్ వాళ్లు వచ్చారు. అడవి కొట్టడం, చిత్తడి పూడ్చడం, ఇటుక కాల్చడం, రోడ్డు వేయడం వాళ్ల పని. సింగపూర్‌లో ఇప్పటికీ తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌ని కట్టింది ఖైదీలే. గుల్ల సున్నంలో కోడిగుడ్డు సొన, ముడి చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో మెదిపిన గచ్చు దాని గోడలది. మన ఇళ్ల గచ్చు తెలిసినవాళ్లకు ఆ పనితనం ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. 1873లో సింగపూర్ ఖైదీల శిబిరం మూసేశారు. కొందరిని అండమాన్‌కు తరలించారు. విడుదలై అక్కడే ఉండిపోయినవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని ఆ ఊరివాళ్లయ్యారు.

ఆ తొలి కాలంలో చాలామంది ఖైదీల నుదుటి మీద పచ్చబొట్టుతో నేరం పొడిచేవాళ్లు. ఈ ఆచారాన్ని 1849లో చట్టం చేసి ఆపారు. తలపాగా కిందికి లాగి కట్టుకోవడం తప్ప ఆ అక్షరాలను దాచే దారి వాళ్లకు ఉండేది కాదు.

అండమాన్ కథ 1858 మార్చి 10న మొదలైంది. డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. తర్వాతి ఎనభై ఏళ్లలో దాదాపు 80 వేల మంది ఆ దీవులకు వెళ్లారని చరిత్రకారుల లెక్క. 1906లో సెల్యులర్ జైలు పూర్తయ్యాక కొత్తగా వచ్చినవాడికి మొదటి ఆరు నెలలు అక్కడి ఒంటరి గది. తర్వాత జట్టుపని. నడత బాగుంటే పదేళ్లకు టికెట్ ఇచ్చి, భూమి ఇచ్చి, సొంతంగా బతకనిచ్చేవాళ్లు. ఖైదీ స్త్రీని పెళ్లి చేసుకోవచ్చు. అలా పుట్టిన పిల్లల వంశాలను ఆ దీవుల్లో ‘లోకల్ బార్న్’ అంటారు. వాళ్ల ఇంటి మాట హిందుస్తానీ అయిపోయింది, కులాలు కలిసిపోయాయి, తాతల ఊళ్ల పేర్లు మరుగున పడ్డాయి. 2024లో శ్రీవిజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఈరోజు తెలుగు బాగానే వినిపిస్తుంది. అయితే వాళ్లలో ఎక్కువమంది స్వాతంత్ర్యం తర్వాత ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి వెళ్లినవాళ్లు. ఖైదీ వంశాలు వేరు. వెతికేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఖైదీ మెడలో ఇనుప కడియానికి ఒక చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద నంబరు, శిక్ష పడ్డ సెక్షన్, తేదీ. మనకు కావాల్సిన సమాచారమంతా ఒకప్పుడు ఆ మనిషి గుండెల మీద వేలాడింది.

లండన్ దంపతులు

ఇలాంటి మనిషిని వెతకడం సాధ్యమేనా అన్నవాళ్లకు ఆస్ట్రేలియా చూపించాలి. బ్రిటన్ 1788 నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మంది ఖైదీలను అక్కడికి పంపింది. బ్రిటన్ చట్టంలో ఒక వింత ఉండేది. 1718 నాటి చట్టం ప్రకారం మామూలు దొంగకు ఏడేళ్ల ద్వీపాంతరమైతే, దొంగసొత్తు తీసుకున్నవాడికి పద్నాలుగేళ్లు. కొనేవాడు లేకపోతే దొంగ ఉండడన్నది దాని వెనకాల తర్కం.

లండన్‌లో దొంగసొత్తు వ్యాపారిగా పేరుమోసిన ఐకీ సాలమన్ 1827లో కాపలావాళ్ల చేతిలోంచి జారిపోయాడు. భార్య ఆన్ దొరికింది. దొంగసొత్తు తీసుకుందని ఆమెకు పద్నాలుగేళ్ల శిక్ష వేసి, పిల్లలతో సహా ఇప్పటి టాస్మేనియాకు పంపారు. అమెరికా పారిపోయిన ఐకీ, సురక్షితంగా ఉండి కూడా ఉండలేక, 1828లో మారుపేరుతో భార్య ఉన్న దీవికే స్వయంగా వెళ్లాడు. అక్కడ పట్టుకుని లండన్ పంపి, 1830లో విచారించి, అతనికీ పద్నాలుగేళ్లు వేసి, 1831లో మళ్లీ అదే దీవికి తెచ్చారు. డికెన్స్ నవలలోని ఫేగిన్ పాత్రకు అతనే మూలమని చాలాకాలంగా అనుకుంటూ వస్తున్నారు. భార్య కోసం తనంతట తాను ఖైదీల దీవికి వెళ్లిన మనిషి ఆ నవలలో కనపడడు. కాయితాల్లో కనపడతాడు.

లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 దాకా సాగిన విచారణల నివేదికలు ఈరోజు ఇంట్లో కూర్చుని చదవొచ్చు. టాస్మేనియా ఖైదీ రికార్డుల్లో ఎత్తు, కళ్ల రంగు, ఒంటి మీది పచ్చబొట్టు, ఏ రోజు ఏ తప్పుకు కొరడా దెబ్బలు తిన్నాడో కూడా ఉంటాయి. ఆస్ట్రేలియా ఖైదీ రికార్డులను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు. తాత ఖైదీ అని చెప్పుకోవడానికి రెండు తరాల కింద సిగ్గుపడ్డ అక్కడి జనం, ఈరోజు ఆ ఓడ పేరుతో సహా చెప్పుకుంటున్నారు. సిగ్గు పోయింది కాయితాలు దొరికాయి కాబట్టి. కాయితంలో దొంగ అన్న మాటతో పాటు అతని వయసు, కడుపు కాలిన ఏడు, వదిలి వచ్చిన పిల్లలు కూడా కనిపిస్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఇంట్లోనే. పెద్దవాళ్లను ‘మన తాత దొంగనా?’ అని అడిగితే నోరు మూసుకుంటారు. ‘అవ్వా, మీ మామ వాళ్ల నాయిన ఏడికి బోయిండు? ఎవల కాలంల బోయిండు?’ అని అడగండి. ‘పట్నంల కేసయ్యింది, మల్ల రాలే’ అన్న ఒక్క ముక్క వచ్చినా చాలు. ఏ కరువు తర్వాత, మూసీ వరదకు ముందా వెనకా అని పట్టుకుంటే ఏడు దొరుకుతుంది. మూసీ ముంచింది 1908 సెప్టెంబరులో.

తర్వాత భూమి కాయితం. పట్టాదారు మాయమైతే భూమి మాయం కాదు. కొడుకుల పేరిట విరాసత్ జరిగివుంటుంది. సేత్వారు, ఫైసల్ పట్టీ వరుసగా చూస్తే ఒక పేరు ఆగిపోయి ఇంకో పేరు మొదలైన ఏడు కనపడుతుంది. ఏడేళ్లు అయినవాళ్లకు ఏ కబురూ లేని మనిషి బతికే ఉన్నాడని ఎవరైనా అంటే, దాన్ని నిరూపించే భారం వాళ్లదేనని సాక్ష్య చట్టం చెప్పింది. కాబట్టి మనిషి వెళ్లిన ఏటికీ విరాసత్ ఏటికీ మధ్య ఎడం ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ భూమి కాయితాల్లో ఏళ్లన్నీ ఫస్లీలో ఉంటాయి. 590 కలిపితే మన లెక్కకొస్తుంది. 1300 ఫస్లీ అంటే 1890-91.

ఆ ఏడు చేతిలో పెట్టుకుని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. పాత ఫైళ్లు పారసీలో, 1880ల తర్వాతవి ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. చదివి పెట్టేవాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది. కేసు బ్రిటిష్ కోర్టుదైతే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో హైదరాబాద్ రెసిడెన్సీ రికార్డులు, హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ ఫైళ్లు చూడాలి. ‘అభిలేఖ్ పటల్’ అనే వాళ్ల పోర్టల్‌లో ఇంటి నుంచే వెతకొచ్చు. మనిషి కోస్తా వైపో, కర్నూలు, కడపల వైపో పట్టుబడివుంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. అక్కడ దొరకని మద్రాసు జ్యుడీషియల్ ప్రొసీడింగ్స్‌కు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ప్రతులున్నాయి. పేరు కోసం వెతికేటప్పుడు ఇంగ్లిష్ గుమాస్తా చెవికి అది ఎలా వినపడి ఉంటుందో ఊహించి నాలుగైదు రకాలుగా రాసుకోండి. ఇంటిపేరు ఉంటుందని ఆశపడకండి, తండ్రి పేరు, కులం, ఊరు ఉంటాయి.

పోర్ట్ బ్లెయిర్‌లోనే అన్నీ దొరుకుతాయనుకుని ముందు అక్కడికి బయల్దేరితే నిరాశే. 1942 నుంచి 1945 దాకా దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడి రికార్డుల్లో చాలాభాగం నాశనమైంది. మిగిలింది ఢిల్లీకో, లండన్‌కో అప్పటికే చేరిన ప్రతులు.

శిక్షగా ద్వీపాంతరవాసం 1956 జనవరి 1 నుంచి మన చట్టంలో లేదు. ఆ చోట యావజ్జీవ ఖైదు వచ్చింది. 2024 జూలై నుంచి దొంగసొత్తు సెక్షన్లన్నీ కొత్త న్యాయ సంహితలో 317 కింద ఒకచోట చేరాయి. చట్టం పాతది పోయి కొత్తది వచ్చింది కానీ, పాత చట్టం కింద వెళ్లినవాళ్ల జాబితా మాత్రం ఇప్పటికీ ఒక్కచోట లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆర్కైవ్స్ శాఖలు, జాతీయ ఆర్కైవ్స్, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు కలిసి తెలుగు జిల్లాల నుంచి ద్వీపాంతరం పోయినవాళ్ల సూచికను తయారుచేయాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, సెక్షన్, ఓడ, ఏడు ఉంటే చాలు. రాజకీయ ఖైదీలను, బిందె దాచినవాళ్లను వేర్వేరు పుస్తకాల్లో పెట్టకుండా అక్షర క్రమంలో ఒకే వరుసలో అచ్చువేయాలి. ఉర్దూ దఫ్తరు చదవగలిగిన పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ పని వాళ్లుండగానే మొదలవ్వాలి.